మొక్కకు టెన్షన్ సరే, తూకం మాటేంటి?

సంపాదకుడి గారికి,

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ వ్యవసాయం పేజీలో 'మొక్కను హింసిస్తే మందు రెట్టింపు' అని పెద్దక్షరాలతో వేశారు. నీళ్లలో పెంచే మొక్కలకు కావాలని స్వల్ప ఒత్తిడి పెడితే వాటిలో ఔషధ గుణం పెరుగుతుందని ఆ వార్త సారాంశం. అది చదివినప్పటి నుంచి మా ఆవిడ నన్ను మేడెక్కనివ్వట్లేదు, తులసిని కొడతానేమోనని.

హింస కాదండీ బాబూ. మట్టి లేకుండా నీళ్లలో పెంచే తులసికి గాలి కొట్టదు, పురుగు కొరకదు, పైన పాలికార్బొనేట్ కప్పు వేస్తే ఎండలోని యూవీ-బి అనే అతినీలలోహిత కిరణం కూడా తగలదు. అంత సుఖంగా పెరిగిన ఆకు చూడ్డానికి బాగుంటుంది గానీ నలిపితే వాసన అంతంతమాత్రం. తులసికి ఘాటునూ మందు గుణాన్నీ ఇచ్చే యూజినాల్, రోజ్‌మరినిక్ ఆమ్లం లాంటివి మొక్క తయారుచేసుకునేది మన దగ్గు తగ్గించడానికి కాదు, తనను తాను కాపాడుకోవడానికి. రోజూ కాస్త తడిమినా లోపల జాస్మోనిక్ ఆమ్లం అనే రక్షణ హార్మోను పెరిగి మొక్క జాగ్రత్త పడుతుంది. ఇందులో వింతేముంది, నీరు కాస్త తక్కువైతే కాయ ఘాటెక్కుతుందని మిరప రైతునడిగినా చెబుతాడు.

మేడ మీద నాలుగు పైపులు పెట్టి, వాటిలో పంపుతో నీళ్లు పారిస్తూ రెండేళ్లుగా తులసి పెంచుతున్నాను. రెండు పైపుల్లోని మొక్కలను కర్రకు కట్టిన పాత చీర అంచుతో పొద్దునా సాయంత్రం ఇరవైసార్లు నిమురుతాను. అవి పొట్టిగా, కాడ లావుగా, వేలు తగిలితేనే ఘుమ్మంటాయి. నిమరనివి మోకాలెత్తు. కానీ కోసి తూచితే నిమిరినవే తక్కువ తూగుతాయి. మీ వార్తలో లేనిది సరిగ్గా ఇదే! మందు శాతం పెరిగి ఆకు బరువు తగ్గితే మొత్తం మీద మిగిలిందెంత? కొనేవాడు కిలోల్లో కొంటాడు. యూజినాల్ ఎంతుందని అడిగిన వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

పోనీ ఆకులో మందు ఎంతుందో పరీక్ష చేయిద్దామని, ఈ నీళ్ల సాగులో నాకు శిక్షణ ఇచ్చిన ఆఫీసుకు వెళ్తే, 'తులసికి టెస్టేంటి సార్, నోట్లో వేసుకుంటే తెలీదా' అన్నాడు అక్కడి ఉద్యోగి. ఆ శిక్షణ సంగతీ అంతే. రెండు రోజులూ సబ్సిడీ ఫారాలు, పైపుల కొలతలు. నీళ్లలో ఎరువు లవణాలు ఎంతున్నాయో చెప్పే ఈసీ మీటర్ చూడటం నేర్పే వేళకు భోజనాలొచ్చాయి. గ్రూపు ఫొటోలో మాత్రం అందరం మీటర్లు పట్టుకుని నవ్వుతున్నాం.

ఇక కరెంటు. మే నెలలో ఓ మధ్యాహ్నం కాసేపు పోతే ఆకులు వాలి మళ్లీ లేచాయి. మీరు రాసిన 'స్వల్ప ఒత్తిడి' అదేననుకున్నా. మర్నాడు మూడు గంటలు పోయింది. పంపు ఆగి పైపులో పలచగా పారే నీరు కూడా ఆగిపోతే వేళ్లకు దిక్కేది, అరవై మొక్కల్లో పదకొండు మిగిలాయి. ఒత్తిడి పెట్టడానికి మళ్లీ కొత్త టెక్నాలజీ ఎందుకండీ, ఉన్నది చాలదా?

మీ విలేఖరికి కాస్త చెప్పండి. ఏ మొక్క, కోతకు ఎన్నాళ్ల ముందు, ఎంత మోతాదు, బరువెంత తగ్గింది, ఇవేమీ రాయకుండా 'ఉప్పునీటితోనూ లాభమే' అని ఒక్క ముక్క పడేస్తే ఎలా? మా వీధిలో ఒకాయన అది చదివి తులసికోటలో గుప్పెడు ఉప్పు కలిపిన నీళ్లు రోజూ పోశాడు. వాళ్లావిడ ఇప్పుడు ఖాళీ కోట చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది.

ఇట్లు,
రిటైర్డ్ బోటనీ లెక్చరర్, రాయలసీమ