బొమ్మ కింద నాలుగు ముక్కలు

సంపాదకులకు,

పందొమ్మిదో శతాబ్దపు చిత్రకళ మీద, ఆధునిక చిత్రకళ మీద కళాచరిత్రకారులు రాసినవాటి ఆధారంగా మీ ఆదివారం అనుబంధంలో వ్యాసాలు వస్తున్నాయి. నల్లగొండ, పాలమూరు బడుల్లో లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు ఆ పేజీలే కళాచరిత్ర పుస్తకం. వాళ్లు వాటిని కత్తిరించి దాచుకుంటారు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం. వ్యాసాలు బాగుంటున్నాయి. బొమ్మ కింద మాత్రం దాని పేరు, వేసినవాళ్ల పేరు తప్ప ఇంకేమీ ఉండటం లేదు. దేనితో వేశారు, ఎంత కొలత, ఏ ఏడాది, ఇప్పుడు ఎక్కడుంది? ఈ నాలుగూ లేకపోతే వ్యాసంలో చెప్పిన మాటకు రుజువు దొరకదు.

ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే వేసిన ‘ఓర్నాన్‌లో అంత్యక్రియలు’ సంగతే చూడండి. పత్రికలో అది నాలుగు వేళ్ల వెడల్పు బొమ్మ. ఒక పల్లెటూరి చావు, నల్లబట్టల జనం, తవ్విన గుంత. దీని మీద పారిస్‌లో అంత గొడవ ఎందుకైందో దాన్ని చూస్తే అంతుపట్టదు. అసలు చిత్రం 10 అడుగుల ఎత్తు, 21 అడుగులకు పైన వెడల్పు. నలభై మందికి పైగా మనుషులు దాదాపు నిలువెత్తున నిలబడి ఉంటారు. అంత పెద్ద క్యాన్వాసు అప్పటిదాకా రాజులకూ యుద్ధాలకూ పురాణాలకూ దక్కేది. దాన్ని 1849–50లో తన ఊరి రైతులకూ ముసలమ్మలకూ ఇచ్చాడు కూర్బే. టి.జె. క్లార్క్, లిండా నాక్లిన్ వంటి కళాచరిత్రకారులు కూర్బే గురించి అంత రాయడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడుంది. కొలత రాయకపోతే వాళ్ల మాట ఇంకా మొదలే కానట్టు.

కొలత సెంటీమీటర్లలో వేయండి, ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. ఈ వరుస తారుమారైతే అడ్డబొమ్మ నిలువుబొమ్మ అయిపోతుంది. పక్కన అడుగుల్లో కూడా ఇస్తే మా పిల్లలు బడి గోడ మీద సుద్దముక్కతో గీసి చూసుకోగలరు.

మాధ్యమం విషయంలో పొరపాట్లు మరీ ఎక్కువ, అవి మన ఇళ్ల దాకా వస్తాయి. రవివర్మ (1848–1906) నూనె రంగుల చిత్రం వేరు, పూజగదిలో ఉండే రవివర్మ పటం వేరు. 1894లో బొంబాయిలో పెట్టి, తర్వాత లోనావాలా దగ్గరి మళవలికి మార్చిన ప్రెస్సులో రాతి మీద అచ్చువేసినవి ఆ పటాలు. జిడ్డుకూ నీళ్లకూ పడదన్నదే ఆ పద్ధతికి మూలం. రాయి మీద జిడ్డు మసితో బొమ్మ వేసి తడిపితే, ఇంకు బొమ్మ ఉన్నచోటే అంటుకుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. పుట్టపాక నేతలో చిటికి కట్టి (ముడులు వేసి) రంగులద్దిన నూలు జరిగితే అంచు చెదిరినట్టే, ఇక్కడ కాగితం వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు గడ్డం మీద పడుతుంది. చివర్లో వార్నిష్ పూసి, క్యాన్వాసు నేత కనపడేలా ఒత్తితే ఓలియోగ్రాఫ్ తయారు. మోసపోయేది ఆ ఒత్తుడు దగ్గరే. నేత కనపడగానే నూనె చిత్రం అనుకుంటాం.

10 రెట్ల భూతద్దం పెడితే తేలిపోతుంది. ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు వరుస తప్పకుండా, చిన్న చిన్న పూలలా కూడి ఉంటాయి. రాతి అచ్చులో చుక్కలు ఇసుక చల్లినట్టు చెదురుగా ఉంటాయి. నూనె చిత్రంలో అసలు చుక్కలే ఉండవు, కుంచె గాట్లు ఉంటాయి. పటం కింది అంచులో ప్రెస్సు పేరు, ఊరు అచ్చై ఉండొచ్చు. పటం కట్టేవాళ్లు ఫ్రేముకు సరిపోవాలని ఆ అంచు కోసేస్తే ఆధారం పోయినట్టే. ఇంకొకటి: ప్రెస్సు ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ చేతికి పోయాక కూడా రవివర్మ బొమ్మలు అచ్చవుతూనే ఉన్నాయి. చిత్రం వేసిన ఏడాదిని పటానికి తగిలించకండి. పార్థ మిత్తర్, తపతి గుహ ఠాకుర్తా వంటి కళాచరిత్రకారులు రవివర్మ గురించి రాసేటప్పుడు ఈ అచ్చుల సంగతి వదిలిపెట్టలేదు. మనం రెంటినీ కలిపేస్తే వాళ్లు విడదీసి చెప్పిందంతా వృథా.

ఎచింగుకూ ఇదే చిక్కు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగును పత్రికలో చూస్తే పెన్నుతో గీసినట్టే ఉంటుంది. లోహపు పలక మీది పూతను సూదితో గీకి, ఆమ్లంలో ముంచి, ఆ గాట్లలో నింపిన ఇంకును తడి కాగితం మీదకు ప్రెస్సుతో దించడం వేరే విద్య. బొమ్మ కింద పెన్సిలుతో 7/25 అని ఉంటే, అది 25 ప్రతుల్లో ఏడోది. ఆ అంకెనూ వేయండి.

పేర్ల దగ్గర ఒక్క మాట. ఫ్రెంచి చిత్రకారులు మానే, మోనే ఇద్దరు వేర్వేరు మనుషులు. ‘పచ్చిక మీద భోజనం’ అన్న పేరుతో మానే 1863లో ఒక చిత్రం వేశాడు, అదే పేరుతో మోనే 1865–66లో ఇంకోటి మొదలుపెట్టి వదిలేశాడు. రెండు చోట్లా ‘మొనె’ అని అచ్చేస్తే పిల్లలు పరీక్షలో ఏం రాయాలి?

బొమ్మను కాలమ్ వెడల్పుకు సరిపడా కత్తిరించవద్దని డెస్కువారిని ప్రత్యేకంగా వేడుకుంటున్నాం. ఫ్రెంచి చిత్రకారుడు డెగా కావాలనే నాట్యకత్తె చేతినో కాలినో అంచు దగ్గర తెగేలా వేస్తాడు. మీరూ ఒక కోత కోస్తే డెగా కోసింది ఏదో, డెస్కు కోసింది ఏదో చెప్పలేం. చోటు చాలకపోతే బొమ్మను చిన్నదిగా వేయండి, మొత్తం వేయండి.

రంగుల విషయంలో పత్రిక కాగితం మీద చేయగలిగేది తక్కువేనని మాకూ తెలుసు. రంగు చుక్కలతోనే బొమ్మ కట్టిన ఫ్రెంచి చిత్రకారుడు సెరా ‘గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం’లో పెట్టిన చుక్కలను మీ అచ్చు చుక్కలు మింగేస్తాయి. పైగా ఆ చిత్రంలో అతను వాడిన జింకు పసుపు కొన్నేళ్లకే గోధుమ రంగుకు తిరిగింది. అంటే ఈనాటి ఫొటోలో ఉన్నది కూడా అతను వేసిన పసుపు కాదు. ఆ మాట వ్యాసంలో ఒక వాక్యంగా ఉంటే చాలు. బొమ్మ కింద మాత్రం ఇలా ఉండాలని మా కోరిక, రెండు మూడు వరుసలకు మించదు:

జార్జ్ సెరా, ‘గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం’, 1884–86, క్యాన్వాసు మీద నూనె రంగులు, 207.5 × 308.1 సెం.మీ. (సుమారు 7 × 10 అడుగులు), ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో.

– కొందరు చిత్రకళా ఉపాధ్యాయులు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు