వార్షిక నివేదిక: లెవెన్స్ హాల్ తోట, కత్తిరింపు శిక్షణ

సభ్యులందరికీ నమస్కారం. బ్రిటన్‌లోని మన తెలుగు తోటల బృందం ఈ ఏడాది ఇంగ్లండ్ వాయవ్యాన కంబ్రియాలోని పాత బంగళా లెవెన్స్ హాల్‌ను పరిశీలనకు ఎంచుకుంది. ఫ్రెంచ్ తోటల రూపకర్త గియోమ్ బోమాంట్ 1694లో వేయడం మొదలుపెట్టిన తోట ఇది. తర్వాతి శతాబ్దంలో ఎన్నో బంగళాల వాళ్లు ఇలా మొక్కలను ఆకారాలుగా కత్తిరించిన తోటలను పీకించి పచ్చిక పరిపించారు. ఇది నిలిచింది. యూ (సూదుల్లాంటి ఆకులుండే సతతహరిత చెట్టు), బాక్స్ (చిన్న ఆకుల సతతహరిత పొద) మొక్కలతో చెక్కినట్టున్న ఆకారాలు ఇక్కడ వందకు పైనే ఉన్నాయి.

శిక్షణలో ఎక్కువ సమయం యూ చెట్టుకే ఇచ్చాం. ముదురు కొయ్య నుంచి కూడా చిగురు వేయడం దీని గొప్ప గుణం. మన పెరళ్లలో కంచెగా పెంచే లేలాండీ చెట్టుకు ఆ శక్తి లేదు. గోధుమరంగు కొయ్య దాకా కోస్తే అక్కడ బోసిగానే ఉండిపోతుంది. ముదిరి లావెక్కిన యూ కంచెను వసంతంలో ఒక పక్క మాత్రమే కాండం దగ్గరికి కోయాలి. ఆ పక్క చిగురు దట్టమయ్యాక, ఏడాదో రెండేళ్లో ఆగి రెండో పక్క. రెండూ ఒకేసారి కోస్తే చెట్టుకు తిండి చేసిపెట్టే ఆకే మిగలదు.

ఏటా చేసే కత్తిరింపు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక్కసారి చాలు. తిన్నగా రావడానికి తాడు కట్టి, అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా రానివ్వాలి. పైన వెడల్పైతే నీడపడి అడుగుకొమ్మలు ఎండుతాయి. చెట్టు మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరుకుళ్ళు తప్పదు. అది వచ్చాక చెట్టును కాపాడటం చాలా కష్టం.

బాక్స్‌ది వేరే బాధ. బ్రిటన్‌లో 1990ల నుంచి దాన్ని ఒక శిలీంద్రపు తెగులు పట్టింది. ఆకులపై గోధుమ మచ్చలు, లేత కొమ్మలపై నల్లటి చారలు, ఆ తర్వాత ఆకురాలుడు. సాలెగూడు లాంటి దారాలు, గొంగళిపురుగు కనిపిస్తే అది తెగులు కాదు, బాక్స్ చిమ్మట. తడి ఆకుపై కత్తెర పెట్టవద్దు. తెగులు బీజాలు నీటితో పాకుతాయి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేముందు కత్తెర శుభ్రం చేయాలి. రాలిన ఆకును పూర్తిగా ఏరేయాలి, కంపోస్టులో కలపకూడదు.

తోట అంచున హాహా (పల్లంలో గోడ కట్టిన కందకం) ఉంది, ఇంగ్లండ్‌లోని తొలినాటి వాటిలో ఒకటి. లోపలి నుంచి చూస్తే గోడ కనిపించదు, బయటి పశువు లోపలికి రాలేదు. యూ ఆకు పశువులకు ప్రాణాంతకం, ఎండినా విషం పోదు. అందుకే వచ్చే ఏడాది శిక్షణకు వచ్చేవారు కింద పరచడానికి పట్టా, మందపాటి సంచులు తప్పక తెచ్చుకోవాలి. కోసిన ఒక్క రెమ్మ కూడా పొలం వైపు పడకూడదు.