చైనా నదుల పాఠం బురదతో మొదలుపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఇక్కడ చెన్నైలో నాలుగో తరగతి చదువుతోంది. ప్రాచీన చైనా నాగరికత ఏ నదుల ఒడ్డున పుట్టిందన్న ప్రశ్నకు హ్వాంగ్‌హో, యాంగ్‌జీ అని రాస్తే రెండు మార్కులు. హ్వాంగ్‌హో పసుపు రంగులో ఎందుకుంటుందని పిల్ల అడిగితే, అది పరీక్షకు రాదన్నారట. అసలు పాఠమంతా ఆ రంగులోనే ఉంది కదండీ!

గాలి లక్షల ఏళ్లుగా తెచ్చి పోసిన మెత్తటి పసుపు మట్టి ఉత్తర చైనాలో గుట్టలుగా పడి ఉంది. హ్వాంగ్‌హో దాన్ని కోసుకుంటూ వస్తుంది. ఆ మట్టి దున్నుకోవడానికి తేలిక. అక్కడ మొదట పండించింది వరి కాదు, కొర్రలు, వరిగలు. వరి యాంగ్‌జీ వైపు పంట. తను మొహం చిట్లించుకుని తినే కొర్రన్నమే వాళ్ల పాతకాలపు తిండి అంటే మా పిల్ల ఓ పట్టాన నమ్మలేదు.

వరద సంగతి మేడ మీద చూపించాను. వెడల్పాటి పళ్లెంలో కుండీ మట్టితో రెండు గట్లు పెట్టి, పళ్లెం కాస్త వాల్చి, మధ్యలోంచి బురదనీళ్లు వదిలాం. బురద అడుగున పేరుకుని నీటిమట్టం లేచింది. పిల్ల గట్లు ఎత్తు చేసింది, అడుగు మళ్లీ లేచింది. చివరికి ఓ పక్క గట్టు తెగి నీళ్లు నా చీర మీదికి వచ్చాయి. కైఫెంగ్ దగ్గర నది ఊరికంటే ఎత్తున పారేది ఇందుకే అని అప్పుడు చెప్పాను. 1855లో ఇలాగే కట్ట తెగి, షాన్‌డాంగ్ ద్వీపకల్పానికి దక్షిణాన సముద్రంలో కలిసే నది ఉత్తరానికి మళ్లింది.

యూ మహారాజు కథ కూడా చెప్పాలి, పురాణగాథ అని చెప్పే చెప్పాలి. తండ్రి గున్ కట్టలు వేసి వరదను ఆపబోయి ఓడిపోయాడు. కొడుకు కాలువలు తవ్వి నీటిని సముద్రానికి పంపాడు. ఆ 13 ఏళ్లలో మూడుసార్లు సొంత గుమ్మం ముందు నుంచి వెళ్లినా లోపలికి అడుగుపెట్టలేదట. "వాళ్లమ్మ తిట్టలేదా?" అంది మా పిల్ల. రాజవంశాల పట్టిక చదివిన పిల్లలు ఇలాంటి ప్రశ్న వేస్తారా? క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నదిని అడ్డగించకుండా రెండుగా చీల్చి కట్టించిన దూజియాంగ్‌యాన్ అనే నీటిపారుదల ఏర్పాటు ఇప్పటికీ చెంగ్డూ పొలాలకు నీళ్లిస్తోందంటే, యూ కథ వట్టి కథగా మిగలదు.

2015 డిసెంబర్‌లో అడయారు పొంగడం మేం సైదాపేటలో కళ్లారా చూశాం. ఇక్కడి పిల్లలకు చైనా వరదలు అర్థం కావనే మాట నేనొప్పుకోను.

మీ పిల్లల పేజీలో హ్వాంగ్‌హో పాత దారి, కొత్త దారి రెండూ చూపే పటం ఒకటి వేయగలరా? పేర్లు పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉండాలి. స్కూల్లో తెలుగు లేని మా పిల్లలు కూడబలుక్కుని చదువుకుంటారు.

— ఓ నాయనమ్మ, సైదాపేట, చెన్నై