పాత లారీల సంఘం వార్షిక నివేదిక: ఆయిల్ కారిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాది చేయాల్సిన పనులంటూ చాలానే రాసుకున్నాం. పెయింటింగు, వైరింగు, సీట్లు, కొత్త సభ్యులకు శిక్షణ. వాటిలో సగం మొదలే కాలేదు. దొరికిన ఆదివారాలన్నీ సంఘం లారీ కిందే గడిచిపోయాయి. ఎందుకో మీకూ తెలుసు, బండి ఎక్కడ నిలిపితే అక్కడ నల్లటి మరక. అందుకే ఈ నివేదికలో ముప్పావు వంతు ఆయిల్ సీళ్ల గొడవే ఉంటుంది.

ముందుగా కమిటీ తప్పు ఒప్పుకోవాలి. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే డొప్ప) అడుగున చుక్కలు కనబడగానే వెనక క్రాంక్ సీలు, అంటే క్రాంకు ఇరుసు ఇంజన్ వెనక నుంచి బయటికొచ్చే చోట ఆయిల్‌ను ఆపే రబ్బరు వలయం, పోయిందని తేల్చేశాం. గేర్‌బాక్సు దించి, క్లచ్చూ ఫ్లైవీలూ విప్పి కొత్త సీలు వేశాం. రెండు ఆదివారాలు పట్టింది. బండి వారం తిరిగిందో లేదో, మళ్లీ అదే చోట చుక్కలు. అప్పటిదాకా బ్రీదర్ వంక ఎవరూ చూడలేదు. దాని గొట్టం విప్పితే లోపల మసీ జిడ్డూ కలిసి గడ్డకట్టి ఉన్నాయి. నోటితో ఊదితే గాలి అవతలికి పోలేదు. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. అది బయటపడే దారి బ్రీదరే. ఆ దారి మూసుకుపోతే క్రాంక్‌కేసులో (క్రాంకు తిరిగే ఇంజన్ కింది భాగంలో) ప్రెషర్ పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆయిల్‌ను తోసేస్తుంది. సీలు కొత్తదని జాలి పడదు.

బ్రీదర్ శుభ్రం చేశాక కారడం తగ్గింది గానీ ఆగలేదు. ఈసారి తొందరపడలేదు. ఇంజన్ మొత్తం కడిగి, ఆరబెట్టి, అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడర్ చల్లి, కాసేపు నడిపించి చూశాం. పౌడర్ మీద తడి చార పైనుంచి మొదలైంది, ఇంజన్ నెత్తిన ఉండే మూత, టాపెట్ కవర్ వెనక మూల నుంచి. అక్కడ ప్యాకింగ్ (సందు మూసే పట్టీ) ఎండి చిట్లిపోయింది. ఆయిల్ బ్లాకు వెనక వైపుగా జారి, బెల్ హౌసింగ్ సందులోకి దిగి, సరిగ్గా క్రాంక్ సీలు కారినట్టే కింద చుక్కలుగా పడుతోంది. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కీ పోతుంది. కాబట్టి చుక్క పడ్డ చోటు కాదు, తడి ఉన్న అన్నిటికంటే పై చోటు వెతకాలి. ఈ ఒక్క మాట జనవరిలోనే ఎవరైనా చెప్పి ఉంటే గేర్‌బాక్సు మోసిన మా నడుములు బాగుండేవి.

అయితే ఆ రెండు ఆదివారాలూ పూర్తిగా దండగ అనలేను. బయటికి తీసిన పాత సీలు పెదవి (క్రాంకుకు ఆనుకునే లోపలి అంచు) ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడి ఉంది. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల పైన ఏళ్ల తరబడి ఉంటే అలాగే అవుతుంది. వైటాన్ అనే రబ్బరు రకం దాదాపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కాబట్టి, కొంచెం ఖరీదైనా అదే వేశాం. క్రాంకు మీద పాత సీలు పెదవి తిరిగి తిరిగి గీసిన గాడి కూడా కనబడింది. గోరు పెడితే తగిలేంత లోతు. కొత్త సీలు పెదవి కూడా అదే గాడిలో కూర్చుంటే ఉపయోగం లేదు. మన పెద్ద మెకానిక్ సలహా మీద, సీలును పాత లోతు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపాం, పెదవి నున్నటి చోట పడింది. గాడి ఇంకా వెడల్పుగా ఉంటే క్రాంకు మీద సన్నటి స్టీలు స్లీవ్ (తొడుగు) ఎక్కించాల్సి వచ్చేది.

ఇంజన్ ముందు వైపు సీలు దగ్గర చిన్న ప్రహసనం జరిగింది. ఒక సభ్యుడు సీలును ఒక పక్కనే సుత్తితో కొట్టడంతో లోపలి సన్నటి స్ప్రింగు ఎగిరి పోయింది. అది ఎక్కడ పడిందో నేటికీ దొరకలేదు. సీలు కొలతకు సరిపడే పాత బేరింగు రింగో పైపు ముక్కో చుట్టూ సమంగా ఆనించి కొట్టాలి. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి. పెదవికి కాస్త ఆయిల్ రాయాలి, పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే కాలుతుంది. టెఫ్లాన్ పెదవి ఉన్న సీళ్లు మాత్రం దీనికి పూర్తిగా ఎదురు, వాటిని చాలా వరకు పొడిగానే ఎక్కిస్తారు. ప్యాకెట్‌లో కాగితం ఉంటే పారేయకుండా చదవండి.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్ సంగతి వేరే. కార్క్ ప్యాకింగ్ కారుతోందని ఇంతకు ముందు ఎవరో బోల్టులు బలంగా బిగించారు. అంచు బోల్టు రంధ్రాల చుట్టూ లోపలికి గుంటలు పడింది, ప్యాకింగ్ నలిగి పక్కకు వచ్చేసింది. అంచును చెక్క దిమ్మ మీద బోర్లించి, సుత్తితో మెల్లగా తట్టి, గాజు పలక ఆనించి చూసి సమం చేశాం. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాం. చాంబర్ దించినప్పుడు ఆయిల్ జాలికి, సందులు మూయడానికి పూసే ఎర్రటి సిలికాన్ పేస్టు పోగులు చుట్టుకుని ఉండటం చూసి అందరూ నిశ్శబ్దమైపోయారు. బయట పూసిందంతా లోపలికీ వస్తుంది. ఆ జాలి మూసుకుపోతే పంపుకు ఆయిల్ అందదు, బేరింగులు పోతాయి. ఇకపై సంఘం షెడ్‌లో సన్నటి గీతకు మించి సిలికాన్ పూయకూడదని తీర్మానించాం. నా దృష్టిలో ఈ ఏడాది చేసిన మంచి తీర్మానం అదొక్కటే.

పాత ప్యాకింగులు గీకేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత బండ్లలో ఆస్బెస్టాస్ కలిసినవి ఉంటాయి. గ్రైండర్ బ్రష్ పెట్టొద్దు, దుమ్ము లేపొద్దు. తడిపి, మాస్కు పెట్టుకుని, చేత్తో గీకండి. అల్యూమినియం కవర్ల మీద ఉక్కు బ్లేడు వాడకండి, గీత పడితే అక్కడే కారుతుంది.

మిగతా విషయాలు క్లుప్తంగా. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతారు. బండి కింద దూరేముందు జాకీతో పాటు స్టాండ్లు, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలన్న నియమం అందరూ పాటించారు, ప్రమాదాలేవీ లేవు. తీసిన పాత ఆయిల్ డబ్బాల్లో నింపి రీసైక్లింగుకే ఇచ్చాం, చుక్క కూడా కాలువలో పోయలేదు.

వచ్చే ఏడాది వైరింగు నిజంగానే మొదలుపెడతాం. దానికి ముందు గేర్‌బాక్సు వెనక సీలు చూడాలి, అక్కడ గంధకం వాసన వచ్చే మరక ఒకటి కనబడుతోంది. ఈసారి ముందు దాని బ్రీదరే విప్పుతాం. టార్క్ రెంచి తీసుకెళ్లినవాళ్లు ఆలోగా తిరిగి ఇవ్వాలి, రిజిస్టరులో పేరు రాయకపోయినా ఎవరో మాకు తెలుసు.

ఇట్లు,
కార్యదర్శి