అంబాసిడర్ చుట్టానికి రెండు దీపాలు

హనుమకొండ,
డిసెంబర్ 7

బిడ్డా,

నీ పాత ఎం.జి.బి. ఇంగ్లీషు కారుకు ముందు రెండు అదనపు దీపాలు ఎలా తగిలించాలని ఆదివారం ఫోనులో నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పాను. ఇంతలో అమ్మ ఫోను లాక్కుని నీ చలికోటు సంగతి ఎత్తుకుంది. అయినా తీగల వ్యవహారం నోటిమాటగా చెబితే నిలవదు. కాగితం మీద ఉంటే బండి పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. వెనక పేజీలో బొమ్మ కూడా గీశాను. గీతలు వంకరగా ఉన్నాయని నవ్వకు, కంటి ఆపరేషన్ అయి ఇంకా నెల కాలేదు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. ఎం.జి.బి. అంటే ఏదో దొరల బండి అనుకున్నాను. బానెట్ కింద చూస్తే మన అంబాసిడర్‌కు దగ్గరి చుట్టం! పాత అంబాసిడర్‌లో 1489 సి.సి., నీ దాంట్లో 1798. రెండూ బి.ఎం.సి. అనే బ్రిటిష్ కార్ల కంపెనీ వాళ్ల ఒకే ఇంటి ఇంజన్లు. ముప్పై ఏళ్లు ఆ బానెట్ల కింద తల పెట్టి బతికినవాణ్ణి. నీ బండిని ముట్టుకోకుండానే దాని గుణం కొంత చెప్పగలను.

నీది 1966 నాటిది కదా. ఆ కాలంలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. 1967 చివర్లో వచ్చిన మోడల్‌తో అది తిరగబడి, మన బండ్లలాగా నెగటివ్ బాడీకి వచ్చింది. సీట్ల వెనక ఉన్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల దగ్గర ఏ కొస బాడీకి బిగించి ఉందో నీ కళ్లతో చూడు. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు, పుస్తకంలో ఉందని నమ్మకు. పాత పద్ధతే అయితే హాలోజన్ బల్బుకు ఏ ఇబ్బందీ లేదు. కరెంటు ఎటు నుంచి వచ్చినా వెలుగుతుంది. ఎల్‌ఈడీకి మాత్రం ప్లస్సు, మైనస్సు తేడా ఉంది. రిలే, అంటే చిన్న కరెంటుతో లేచి పెద్ద కరెంటును కలిపే స్విచ్ పెట్టె, కొనేటప్పుడు కూడా లోపల డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే ముక్క) లేనిదే అడిగి తీసుకో. డయోడ్ ఉన్నది తలకిందులుగా తగిలించావంటే స్విచ్ వేసిన క్షణంలోనే పోతుంది.

ఇక డైనమో, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది. ఈ కాలం బండ్లలోలాగా ఆల్టర్నేటర్ లేని బండి నీది. ఆ డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. హై బీమ్‌లో హెడ్‌లైట్లే దాదాపు పది తింటాయి. నువ్వు పెట్టే 55 వాట్ల దీపాలు రెండూ కలిపి మరో తొమ్మిది. వెనక దీపాలు, మీటరు దీపాలు, ఇగ్నిషన్ కాయిల్ కలిపితే లెక్క అక్కడే 22 దాటిపోతుంది. వైపరూ హీటరూ ఇంకా లెక్కలోకి రాలేదు. తగ్గేదంతా బ్యాటరీ నుంచి పోతుంది. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు కాసేపు వెలిగించుకుంటే ఏమీ కాదు. వంద వాట్ల బల్బులు చవకగా దొరుకుతాయని మాత్రం ఆశపడకు.

వంద వాట్లంటే నాకు ఒక రాత్రి గుర్తొస్తుంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గు. మేడారం జాతర ముందు నెలంతా షాపు ముందు జీపులు వరస కట్టేవి, గుర్తుందా? తాడ్వాయి అడవిలో రాత్రి ప్రయాణం కదా, అందరికీ దీపాలు కావాలి. ఒకాయన జీపుకు వంద వాట్లవి రెండు పెట్టాను. తొందరలో రిలే లేకుండా, ఫ్యూజు లేకుండా, హెడ్‌లైటు స్విచ్ నుంచే సన్న తీగ లాగేశాను. ట్రయల్ చూద్దామని ఇద్దరం ములుగు దారి పట్టాం. గూడెప్పాడ్ దాటేదాకా వెలుతురు చూసి ఆయన మురిసిపోతున్నాడు. మల్లంపల్లి దగ్గర ముందు వాసన వచ్చింది, పాత చెప్పు కాలినట్టు. తర్వాత డ్యాష్‌బోర్డు కింద నుంచి నా మోకాళ్ల మీదికి పొగ. బానెట్ ఎత్తి బ్యాటరీ కొస చేత్తోనే పీకాను. కుడి అరచేతిలో ఆ మచ్చ ఉంది, సైలెన్సర్ తగిలి కాలిందని మీకు చెప్పుకున్నది అదే. ఆ రాత్రి ఇద్దరం జీపును రోడ్డు పక్కకు తోసి, పత్తి ట్రాక్టరు ఎక్కి తిరిగి వచ్చాం. ఆ ట్రాక్టరుకు వెనక ఒక్క దీపం లేదు!

కాబట్టి తీగ బ్యాటరీ నుంచి నేరుగా రిలేకు రావాలి. కనీసం రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడు. సన్న తీగ వేడెక్కడమే కాదు, వెలుతురునూ మింగేస్తుంది. బల్బు దగ్గర వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పెట్టు. పాజిటివ్ బాడీకి ఉన్న బండి అయితే ఫ్యూజు పడేది నెగటివ్ తీగలో, మరిచిపోకు. ఆ బండిలో హెడ్‌లైట్లకు కంపెనీ ఫ్యూజే ఇవ్వలేదు. వాళ్లు ఇవ్వలేదని మనమూ మానుకోనక్కర్లేదు. రేకుకు రంధ్రం చేసి తీగ తీసే ప్రతి చోటా రబ్బరు బుష్ వెయ్యి. ఎర్త్‌ను, అంటే కరెంటు బాడీ ద్వారా తిరిగిపోయే తీగను, క్రోమ్ బంపర్‌కు ఇవ్వకు. బాడీ మీద పైసంత మేర రంగు గీకి, మెరిసే రేకుకు బిగించి, పైన గ్రీజు రాయి.

రిలేను లేపే కరెంటు మాత్రం హై బీమ్ తీగ నుంచే తీసుకోవాలి. ఆ బండి కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ వాళ్ల రంగుల లెక్కలో అది నీలం మీద తెల్ల గీత. నీలం మీద ఎర్ర గీత డిప్‌ది, అంటే కిందికి పడే వెలుగుది, దాన్ని ముట్టుకోకు. ఎడమ కాలితో డిప్పర్, అంటే హై బీమ్‌ను డిప్‌కు మార్చే స్విచ్, నొక్కగానే హై బీమ్‌తో పాటు ఈ రెండు దీపాలూ ఆరిపోవాలి. విడిగా స్విచ్ పెట్టుకో, కానీ హై బీమ్ లేకుండా వెలిగే ఏర్పాటు మాత్రం చెయ్యకు. ఎదుటి బండి వచ్చినప్పుడు రెండో స్విచ్ వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. మన లారీల వెనక రాత్రి డిప్పర్ వాడమని రాసి ఉంటుంది. రాసుకున్నవాళ్లే వాడరు, అది వేరే సంగతి.

దీన్ని నా చాదస్తం అనుకుంటావేమో. నీ బండి పుట్టిన 1966లోనే మాంటే కార్లో ర్యాలీ అనే కార్ల పోటీలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన మినీ కూపర్లను పోటీ నుంచి తీసేశారు. హెడ్‌లైట్లలో ఒకే ఫిలమెంటు అయొడిన్ బల్బులు పెట్టారట, డిప్ చేసే ఏర్పాటు నిబంధన ప్రకారం లేదట. బహుమతి ఒక సిట్రోయెన్‌కు పోయింది. ఆ మినీలూ బి.ఎం.సి. బండ్లే, నీ దాని తోబుట్టువులు. కావాలని వంక పెట్టారని ఇంగ్లాండు వాళ్లు చాలా గోల చేశారు. వంకో కాదో గానీ, డిప్పర్ మాట మాత్రం మాటే.

దీపాలు గ్రిల్‌కు అడ్డం రాకుండా బిగించు. రేడియేటర్‌కు గాలి కావాలి. ఫాగ్ లైట్లు వేరు, ఇవి వేరు. అవి కిందుగా, వెడల్పుగా పరుచుకుంటాయి. నీకు కావలసింది సన్నగా దూరం పోయే వెలుగు. వేల్స్ కొండదారుల్లో గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయన్నావు కదా, ఇక్కడ మనకు బర్రెల్లాగా. చదునైన చోట గోడకు పాతిక అడుగుల దూరంలో బండి ఆపి, సీట్లో నీ ఫ్రెండును కూర్చోబెట్టు. దీపం నడిబొడ్డు ఎత్తును గోడ మీద సుద్దముక్కతో గీసుకుని, వెలుగు ముద్ద దానికి వేలెడు కింద పడేలా తిప్పు. మన షెడ్డు గోడ మీద నువ్వు గీసేదానివి కదా, స్టూలు ఎక్కి. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. సున్నం వేయించుదామని అమ్మ అంటూనే ఉంది.

తీగలో కరెంటు ఉందో లేదో చూసే నా పాత టెస్ట్ లాంపు, తీగ కొసలకు క్లిప్పులు నొక్కే క్రింపింగ్ ప్లయర్ పచ్చళ్ల పార్సిల్‌లో పెట్టిస్తున్నాను. నూనె అంటకుండా రెండు కవర్లు చుట్టాను.

పని అయ్యాక ఫోటోలు పంపు. ముందు ఫ్యూజుది. దీపాల ఫోటో ఆ తర్వాత చూస్తాను.

ఆశీస్సులతో,
బాపు