పద్దెనిమిదిలో పన్నెండు

సంపాదకులకు నమస్కారం.

ఫిరాయింపులకు కొత్త చట్టం కావాలని చాలామంది అంటున్నారు. పార్టీ ఫిరాయిస్తే సభ్యత్వం పోతుందని చెప్పే రాజ్యాంగంలోని 1985 నాటి పదో షెడ్యూలుకు ఎక్కడ గండి పడిందో ముందు చూడాలి. దానికి మన తెలంగాణ లెక్కే చాలు.

2018లో కాంగ్రెస్ నుంచి 19 మంది ఎమ్మెల్యేలు గెలిచారు. విలీనమైతే అనర్హత వేటు పడదు; విలీనమనిపించుకోవడానికి మూడింట రెండొంతులు, అంటే 13 మంది కావాలి. నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డి 2019 జూన్‌లో హుజూర్‌నగర్‌ సీటు వదులుకోగానే బలం 18కి తగ్గింది, 12 మందితోనే సరిపోయింది. మర్నాడే టీఆర్‌ఎస్‌లో విలీనం. ఆ పన్నెండు మందిలో నకిరేకల్, కొల్లాపూర్ ఎమ్మెల్యేలూ ఉన్నారు. వీళ్లంతా ఒక్కసారిగా కదలలేదు, మార్చి నుంచీ ఒక్కొక్కరే వెళ్లారు. మొదట వెళ్లినవారి సంగతి స్పీకర్ అప్పుడే తేల్చి ఉంటే పన్నెండు నిండేదే కాదు. ఆలస్యమే ఫిరాయింపును విలీనం చేసింది. పైగా షెడ్యూలులో విలీనం గురించి చెప్పే నాలుగో పేరా ముందు అడిగేది అసలు పార్టీ విలీనమైందా అని. సభ్యుల సమ్మతి ఆ తర్వాతి మాట. నేను చదివినంతలో అర్థమిదే, కాదనే తీర్పులూ ఉన్నాయి.

మునుగోడులో 2022లో ఎమ్మెల్యే రాజీనామా చేసి ఉప ఎన్నికకు వెళ్లిన దారీ ఉంది. ఖర్చు సంగతి పక్కనపెడితే, అక్కడ ఓటరునైతే అడిగారు.

రాజీనామా కాగితం లేకున్నా నడవడికను బట్టి పార్టీ వదిలినట్టు తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. అయినా ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలిశా, కప్పింది కండువా కాదు, శాలువా’ అనే జవాబు ఎప్పుడూ సిద్ధం. అందుకే స్పీకర్‌కిచ్చే ఫిర్యాదుకు పత్రికల కత్తిరింపులొక్కటే చాలవు. తేదీ తెలిసే వీడియో, వేరే పార్టీ బీ-ఫారం వంటివి జతచేయాలి. శాసనసభ ఫిరాయింపు అనర్హత నిబంధనల (1986) ప్రకారం ఫిర్యాదు మీదే కాదు, జతచేసిన ప్రతి కాగితం మీదా సంతకం, ధ్రువీకరణ ఉండాలి. లేకపోతే విచారణ దాకా పోకుండానే కొట్టేస్తారు. ఫిర్యాదు ఎమ్మెల్యేలే చేయాలనేం లేదు; ఆసక్తి ఉన్న ఎవరైనా చేయవచ్చని 2013లో ఒడిశా కేసులో తేలింది.

గడువు మాటే షెడ్యూలులో లేదు. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గద్వాల ఎమ్మెల్యే సహా పదిమందిపై వచ్చిన ఫిరాయింపు ఫిర్యాదుల విషయంలో 2025 జులై 31న మన స్పీకర్‌కూ అదే గడువు పెట్టాల్సి వచ్చింది. కోర్టు తలుపు తట్టిన ప్రతిసారీ గడువు తెచ్చుకునే బదులు ఆ మూడు నెలలు షెడ్యూలులోనే రాయాలి. మూడింట రెండొంతుల లెక్క మొదటి ఫిర్యాదు అందిన రోజు బలాన్ని బట్టే కట్టాలి, ఆ తర్వాత ఎన్ని రాజీనామాలొచ్చినా సరే.

– ఒక న్యాయవాది, నల్లగొండ