పిల్లల కేసుకి ఒక బాధ్యుణ్ణి చూపించండి: శిశు సంక్షేమ శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

అర్జీలకు జవాబు రాలేదు కాబట్టే అందరి ముందూ రాస్తున్నాను. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డ కుటుంబ పరిస్థితులు తెలుసుకునే సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తవ్వాలి, ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ తుది ఉత్తర్వు 4 నెలల్లో రావాలి. మా జిల్లాలో ఓ అనాథ పాప గురించి అడిగితే పాప ఉంటున్న హోమ్ వాళ్లు కమిటీని అడగమంటారు, కమిటీ ఏమో జిల్లా బాలల పరిరక్షణ విభాగం రిపోర్టు రాలేదంటుంది, అక్కడికెళ్తే సోషల్ వర్కర్ మారిపోయారంటారు, కొత్తగా వచ్చినవాళ్లు పాపని మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతారు. నాన్న ఎలా పోయాడో ఆ పిల్ల ఎంతమందికి చెప్పాలండీ? అమ్మమ్మ పెంచుకుంటానంటోంది. అలాంటి కుటుంబాల్లో అర్హులకు కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం కూడా ఉంది.

ప్రతి బిడ్డకీ ఒక కేస్ వర్కర్‌ని నియమించండి, వాళ్లు మారితే ఫైలు సరిగ్గా అప్పగించేలా చూడండి, 4 నెలలు దాటిన కేసులను ప్రతి నెలా మీరే సమీక్షించండి. రాతపూర్వకంగా జవాబివ్వండి.